గోడ మీది కప్పకు చుట్టాలెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కప్పల గురించే. వానకాలం కదా. వాటిలో చెట్టుకప్పల మీద అడిగినవన్నీ ఒకచోట చేర్చాం. నల్లగొండ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మా శీర్షిక రచయిత్రి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మేడం గారూ, మాది దేవరకొండ పక్కన పల్లె. నేను పదో తరగతి. వానలు మొదలైనప్పటి సంది మా బాత్రూం గోడకు ఒక కప్ప అతుక్కొని ఉంటున్నది. ఒక్కోసారి తెల్లగా, ఒక్కోసారి గోధుమరంగుగా కనిపిస్తది. మా సారు అది చెట్టుకప్ప అన్నడు. లైబ్రరీ పుస్తకంల చెట్టుకప్ప అని ఎర్ర కండ్ల ఆకుపచ్చ కప్ప బొమ్మ వేసిన్రు. రెండూ ఒకటే కుటుంబమా? మా కప్పకు దగ్గరి చుట్టాలెవరు?
– ఒక విద్యార్థిని, దేవరకొండ మండలం

జవాబు: బిడ్డా, ముందు మీ కప్ప ఎవరో తేల్చుకుందాం. అది దూకేటప్పుడు వెనక కాళ్లు చాపుతుంది కదా, అప్పుడు తొడల వెనక వైపు చూడు. ముదురు రంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు కనిపిస్తే అది పాలిపిడేటిస్ మాక్యులేటస్. మన ఇళ్లలో గోడలెక్కే కప్ప దాదాపు ఎప్పుడూ ఇదే. రాకోఫోరిడే అనే కుటుంబంలోది. ఈ కుటుంబంలో 400కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆసియాలో, కొన్ని మాత్రం ఆఫ్రికాలో.

పుస్తకంలో ఉన్న ఎర్ర కళ్ల కప్ప మధ్య అమెరికా వానడవులది. దాని పేరు అగాలిక్నిస్ కాలిడ్రయాస్. కోప్ అనే అమెరికా శాస్త్రవేత్త 1862లో దాన్ని మొదట వర్ణించాడు. దాన్ని చాలాకాలం హైలిడే కుటుంబంలో ఉంచారు. ఇప్పుడు కొందరు దాని దగ్గరివాటితో కలిపి వేరే కుటుంబంగా లెక్కిస్తున్నారు. ఎట్లా లెక్కించినా అది హైలాల, అంటే హైలిడే కుటుంబపు చెట్టుకప్పల, బంధువే. మీ కప్పది వేరే ఇల్లు.

ఎంత వేరే అంటే, రాత్రిపూట మీ వాకిట్లో లైటు కింద పురుగుల కోసం కూర్చునే గోండ్రుకప్ప ఉంటుంది చూడు, ఒళ్లంతా బుడిపెలతో, దూకడం కన్నా నడవడమే ఎక్కువగా చేసేది, అది ఆ ఎర్ర కళ్ల కప్పకు దగ్గరి బంధువు. మీ బాత్రూం కప్ప కాదు. మీ బాత్రూం కప్పకు దగ్గరి బంధువు చెరువుగట్టున తొలి వానకు పసుపు రంగు తిరిగి గొంతు చించుకునే పెద్ద బోదురుకప్ప. చెట్టెక్కే కప్పకూ చెట్టెక్కే కప్పకూ మధ్య ఉన్న దూరం, చెట్టెక్కే కప్పకూ బురదలో ఉండే కప్పకూ మధ్య దూరం కన్నా ఎక్కువ. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మలేనట్టు చూసేవాళ్లు. నమ్మడానికి కావలసిన సాక్ష్యం కూడా చెప్తాను.

ప్రపంచంలో 7 వేలకు పైగా కప్ప జాతులున్నాయి. వాటిలో అత్యధిక భాగం రెండు పెద్ద కొమ్మల కింద వస్తాయి. ఒక కొమ్మ హైలాయిడ్లు. హైలాలు, గోండ్రుకప్పలు, దక్షిణ అమెరికా విషపు కప్పలు, గాజు కప్పలు అందులోవే. రెండో కొమ్మ రానాయిడ్లు. బోదురుకప్పలు, నీళ్ల మీద గెంతుకుంటూ పోయే చిన్న కప్పలు, మన రాకోఫోరిడే కప్పలు ఇందులోకి వస్తాయి. ఈ రెండు కొమ్మలు విడిపోయింది డైనోసార్ల కాలంలోనే, 10 కోట్ల ఏళ్లకు చాలా ముందు. అంటే నీ రెండు చెట్టుకప్పలకు ఉమ్మడి తాత ఆ కాలం నాటి వాడు. ఆ తాత చెట్టెక్కేవాడు కాదు. చెట్టెక్కడం రెండు కొమ్మల్లోనూ విడివిడిగా, తర్వాత వచ్చింది.

మరి రెండింటి వేళ్లూ ఒకేలా ఎందుకున్నాయని నువ్వు అడగాలి. ఆ పోలిక మామూలు పోలిక కాదు. వేలి చివర గుండ్రటి పళ్లెం ఉంటుంది. ఆ పళ్లెం గోడకు సమంగా ఆనాలంటే వేలికి అదనపు మడత కావాలి. అందుకోసం చివరి ఎముకకూ దాని వెనక ఎముకకూ మధ్యన చిన్న మృదులాస్థి ముక్క ఒకటి ఉంటుంది. హైలాకూ ఉంది, మన పాలిపిడేటిస్‌కూ ఉంది. బోదురుకప్పకు లేదు, గోండ్రుకప్పకు లేదు. మైక్రోస్కోపు కింద చూస్తే పళ్లెం చర్మంలోని కణాలు ఆరు పలకల ఆకారంలో పేర్చినట్టుంటాయి. వాటి మధ్య సన్నటి కాలువలు, కాలువల్లో జిగురు నీరు. ఆ పలచటి తడి పొర వల్లే కప్ప నున్నటి టైలు మీద కూడా నిలుస్తుంది. ఇంత వివరంగా కలిసేసరికి ఒకప్పటి శాస్త్రవేత్తలు అన్నిటినీ ఒకే సంచిలో వేశారంటే వాళ్లను తప్పు పట్టలేం. వానలో గొంగడి కప్పుకున్నవాళ్లంతా దూరం నుంచి ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తారు. ఆ వేళ్లూ అట్లాంటివే.

గొంగడి తీసి చూడాలంటే ఛాతీ ఎముకలు చూడాలి. కప్ప ఉరోమేఖలలో, అంటే ఛాతీ ఎముకల చట్రంలో, కుడి సగం, ఎడమ సగం మధ్యలో కలిసే తీరు రెండు రకాలు. గోండ్రుకప్పలోనూ హైలాలోనూ ఆ రెండు సగాల మృదులాస్థి అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కాస్త జరగగలిగేలా ఉంటాయి. బోదురుకప్పలో, మన గోడ మీది కప్పలో అవి మధ్యన అతుక్కుని గట్టిగా ఉంటాయి. ఎక్కడ బతుకుతుందన్న దాన్ని బట్టి వేళ్లు మారిపోయాయి గానీ, ఛాతీ పాత కొమ్మ ఆనవాలును దాచుకుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే ఈ తేడా పట్టుకున్నారు. డీఎన్‌ఏ పోల్చి చూడడం మొదలయ్యాక అది గట్టిపడింది.

మీ పదో తరగతి పుస్తకంలో నిర్మాణసామ్య అవయవాలు (ఉమ్మడి తాత నుంచి వచ్చినవి), క్రియాసామ్య అవయవాలు (విడివిడిగా పుట్టి ఒకే పని చేసేవి) అని పాఠం ఉంటుంది కదా. గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క అని బట్టీ పట్టి రాసేస్తారు. మీ బాత్రూంలో దానికన్నా మంచి ఉదాహరణ ఉంది. కప్పల వేలు వేలుగా నిర్మాణసామ్యమే, ఎందుకంటే ఆ వేళ్లు ఉమ్మడి తాతకూ ఉన్నాయి. ఆ వేలి చివర వచ్చిన పళ్లెం మాత్రం క్రియాసామ్యం, అది రెండు కొమ్మల్లో విడివిడిగా పుట్టింది. ఒకే అవయవంలో రెండూ ఉండటం ఇందులో గొప్ప విషయం. పరీక్షలో ఇట్లా రాయి, మీ సారు సంతోషిస్తారు.

ఈ పళ్లెం రెండుసార్లతో ఆగలేదు. ఆఫ్రికా రెల్లుకప్పలకు ఉంది. దక్షిణ అమెరికా గాజుకప్పలకు ఉంది. మడగాస్కర్‌లో బూఫిస్ అనే చెట్టుకప్పలకూ ఉంది. ఆ బూఫిస్‌లు మన రాకోఫోరిడేలోవే అని చాలాకాలం అనుకున్నారు. 2000లో ఫ్రాంకీ బోసుయ్ట్, మిషెల్ మిలింకోవిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ చూసి, అవి మడగాస్కర్‌కే చెందిన మాంటెలిడే అనే వేరే కుటుంబంలోవని తేల్చారు. మాంటెలిడేకు చెట్టెక్కేవి ఉన్నాయి, నేల మీద తిరిగేవి ఉన్నాయి. బంగారు నారింజ రంగులో మెరిసే చిట్టి మాంటెల్లా కప్పలు ఉన్నాయి. వాటి చర్మంలో విషం ఉంటుంది. చూడటానికి అచ్చం దక్షిణ అమెరికా విషపు కప్పల్లా ఉంటాయి, కానీ వాటికీ వీటికీ దగ్గరి సంబంధం లేదు.

రాకోఫోరిడేకు అన్నిటికన్నా దగ్గరి కుటుంబం ఈ మాంటెలిడేనే. కాబట్టి నీ చివరి ప్రశ్నకు జవాబు ఇది బిడ్డా: దేవరకొండ బాత్రూంలో సున్నం గోడకు అతుక్కున్న కప్పకు అతి దగ్గరి కుటుంబం హిందూ మహాసముద్రం అవతల మడగాస్కర్‌లో ఉంది.

అంత దూరం ఎట్లా? భారతదేశం, మడగాస్కర్ ఒకప్పుడు ఒకే భూఖండం. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ల కింద విడిపోయాయి. తర్వాత మన భూఖండం ఉత్తరానికి జరుగుతూ పోయి ఆసియాను గుద్దుకుంది. ఈ కప్పల పూర్వీకులు ఆ పడవ మీదే ప్రయాణం చేసి, ఆసియాను తాకాక అక్కడ నుంచి విస్తరించి ఉంటారని 2001లో బోసుయ్ట్, మిలింకోవిచ్‌లే ప్రతిపాదించారు. రాకోఫోరిడే విషయంలో ఆసియా నుంచే ఇటు వచ్చి ఉండవచ్చనే వాదన కూడా ఉంది. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. నువ్వు పెద్ద చదువులు చదివితే అందులో నీ మాట కూడా ఉండాలని నా కోరిక.

ప్రశ్న: మేడం, నేను జీవశాస్త్రం టీచర్‌ని. మేం చదివినప్పుడు బోదురుకప్ప రానా టైగ్రినా, గోండ్రుకప్ప బ్యూఫో మెలనోస్టిక్టస్, చెట్టుకప్ప రాకోఫోరస్ మాక్యులేటస్. ఇప్పుడు మూడూ మారాయి. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఇట్లా ఏటేటా మారే పేర్లు నేర్పడం వల్ల లాభమేమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: సార్, మీ బాధ నాకు తెలుసు. రానా టైగ్రినాను ట్రేలో పెట్టి పిన్నులు గుచ్చి, నాడీమండలం తీసి చూపించి మార్కులు తెచ్చుకున్న తరం మనది. ఆ పేరు నోట్లోంచి పోదు. కానీ పేరు మారిన ప్రతిసారీ వెనక ఒక కారణం ఉంది, ఆ కారణమే పిల్లలకు చెప్పదగ్గ పాఠం.

1758లో లినేయస్ తనకు తెలిసిన కప్పలన్నిటినీ, గోండ్రుకప్పతో, చెట్టుకప్పతో సహా, రానా అనే ఒక్క ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు. పదేళ్లకు, 1768లో, లారెంటి అనే వియన్నా వైద్యుడు వాటిని బ్యూఫో, హైలా అంటూ వేరు చేశాడు. అప్పటికి ఒంటి పైన కనిపించే లక్షణాలే ఆధారం. అందుకే 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే మన గోడ మీది కప్పను వర్ణించినప్పుడు హైలా మాక్యులేటా అన్నాడు. వేళ్లకు పళ్లేలుంటే హైలా, అంతే. తర్వాత ఎముకలు చూశాక అది హైలా కాదని తేలి రాకోఫోరస్‌లోకి వెళ్లింది. 1882లో బూలంజే బ్రిటిష్ మ్యూజియం కేటలాగులో ఆ పేరుతోనే రాశాడు. 1970లో లియెమ్ అనే శాస్త్రవేత్త పాత ప్రపంచపు చెట్టుకప్పల ఎముకలు, కండరాలు ఒక్కొక్కటే పోల్చి పెద్ద గ్రంథం రాశాడు. అప్పటి నుంచి మన కప్ప పాలిపిడేటిస్‌లో స్థిరపడింది. హైలా నుంచి రాకోఫోరస్‌కు, అక్కడ నుంచి పాలిపిడేటిస్‌కు. ప్రతి అడుగులోనూ అది తన అసలు బంధువుల దగ్గరకు జరిగింది, వెనక్కి పోలేదు. ఈ ఒక్క కప్ప చరిత్ర బోర్డు మీద రాస్తే వర్గీకరణ శాస్త్రం రెండు వందల ఏళ్లు ఎట్లా నడిచిందో పిల్లలకు తెలుస్తుంది.

బోదురుకప్ప ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగెరినస్, డైక్రోగ్లాసిడే కుటుంబం. అసలైన రానా ప్రజాతి కప్ప మన దక్కనులో లేదు. గోండ్రుకప్ప డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. 2006లో డారెల్ ఫ్రాస్ట్, ఆయన సహచరులు ఉభయచరాల వంశవృక్షాన్ని కొత్తగా గీసినప్పుడు బ్యూఫో అనే పెద్ద గంపను విడదీశారు. మన ప్రాంతపు గోండ్రుకప్పల ప్రజాతికి ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు పెట్టారు. ఇంటింటా తిరిగే కప్ప పేరులో మన దేశపు శాస్త్రవేత్త పేరు ఉందని చెప్పండి, పిల్లలు మరిచిపోరు.

ఇంకో మాట. పేర్లలో రెండు రకాల మార్పులుంటాయి, వాటిని కలపకూడదు. చుట్టరికం గురించి కొత్త సంగతి తెలిసి మారేది ఒకటి. చుట్టరికం అదే ఉండి, దాన్ని కుటుంబం అనాలా ఉపకుటుంబం అనాలా అని మారేది రెండోది. 2016లో డ్యుయెల్మన్, ఆయనతో పనిచేసినవారు హైలిడేను మూడు కుటుంబాలుగా విడగొట్టారు. అమెరికా, యూరప్, ఆసియా హైలాలు ఒకటి, ఆస్ట్రేలియా చెట్టుకప్పలు ఒకటి, ఆ ఎర్ర కళ్ల కప్పల గుంపు ఒకటి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు మూడింటినీ హైలిడే కిందనే ఉపకుటుంబాలుగా ఉంచారు. ఈ మూడు గుంపులూ ఒకదానికొకటి దగ్గరివన్న దాంట్లో మాత్రం తగాదా లేదు. మొదటి రకం మార్పును తప్పకుండా నేర్పాలి. రెండో రకాన్ని గట్టిగా పట్టుకోనక్కర్లేదు, పరీక్షలో దాని మీద మార్కులు కోయడం అన్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా ఊరు నల్లమల అంచున ఉంటది. వానకాలంల కుంట మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురగ ముద్ద వేలాడుతుంటే చూసిన. సబ్బు నురగ లెక్క ఉన్నది. ఇది కప్ప గుడ్లే అని మా పెద్దలు అంటరు. నిజమేనా? అన్ని చెట్టుకప్పలు ఇట్లనే పెడతయా?
– ఒక యువకుడు, అమ్రాబాద్ మండలం

జవాబు: మీ పెద్దలు చెప్పింది నిజం తమ్ముడూ. అది పాలిపిడేటిస్ కప్ప గూడు. నీటి మీదికి వాలిన కొమ్మ దొరక్కపోతే తొట్టి గోడకో బావి గోడకో కూడా పెడుతుంది. మగ కప్ప వీపు మీద ఉండగా, ఆడది తన ఒంట్లోంచి వచ్చిన ద్రవాన్ని వెనక కాళ్లతో చిలికి నురగ చేస్తుంది. గుడ్లు ఆ నురగ మధ్యలో ఉంటాయి. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి ఉంటుంది. కొద్ది రోజులకు లోపలి చిరుకప్పలు (తోక ఉండే టాడ్‌పోల్‌లు) కిందికి జారి నీళ్లలో పడతాయి. గుడ్లు నేరుగా నీళ్లలో ఉంటే చేపలకూ పురుగులకూ దొరికేవి. ఈ ఏర్పాటుతో ఆ మొదటి గండం దాటుతాయి. కుంట ముందే ఎండిపోతే మాత్రం వాటికి దారి లేదు. ఆ కొమ్మను ఎవరూ నరకకుండా చూడు.

నురగ గూడు చూసి చుట్టరికం చెప్పవచ్చా అన్నది వర్గీకరణలో మంచి ప్రశ్న. ఒకే కుటుంబంలో చెప్పవచ్చు, కుటుంబం దాటితే జాగ్రత్త కావాలి. దక్షిణ అమెరికాలో లెప్టోడాక్టిలిడే కప్పలు నురగ గూళ్లు పెడతాయి, అవి గోండ్రుకప్పల కొమ్మవి. ఆస్ట్రేలియాలో లిమ్నోడైనాస్టిస్ కప్పలు పెడతాయి, అవీ ఆ కొమ్మవే. ఎవరు ఎట్లా చిలుకుతారో చూస్తే తేడా బయటపడుతుంది. దక్షిణ అమెరికా కప్పల్లో మగది వెనక కాళ్లతో చిలుకుతుంది. ఆస్ట్రేలియా కప్పల్లో ఆడది ముందు చేతులతో నీళ్లు కొట్టి బుడగలు నింపుతుంది. మన కప్పల్లో ఆడది వెనక కాళ్లతో చిలుకుతుంది. నురగ ఒకటే, చేసే పద్ధతి వేరు, ఎందుకంటే ఎవరికి వారు విడిగా నేర్చుకున్నారు. ఆఫ్రికాలో ఉండే రాకోఫోరిడే ప్రజాతి ఒక్కటే, పేరు కైరోమాంటిస్. అదీ మన కప్పలాగే నీటి మీది కొమ్మకు నురగ కడుతుంది. ఆ పోలిక మాత్రం అసలైన చుట్టరికం వల్ల వచ్చింది.

అన్ని చెట్టుకప్పలూ నురగ పెట్టవు. మన కుటుంబంలోనే ఎన్ని పద్ధతులో చూడు. జపాన్, తైవాన్ వైపు ఉండే బ్యూర్జీరియాలు ఈ కుటుంబంలో అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మ. అవి మామూలు కప్పల్లా నీళ్లలోనే గుడ్లు పెడతాయి. పడమటి కనుమల్లో ఎక్కువగా ఉండే రావోర్కెస్టిస్ అనే పొదకప్పలకు చిరుకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే బయటికి వస్తుంది. ఈశాన్య భారతంలో ఫ్రాంకిగ్జాలస్ అనే కప్ప ఉంది. 1876లో గుంథర్ దాన్ని వర్ణించాడు, తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. ఎస్.డి. బిజు, ఆయన తోటివారు మళ్లీ కనిపెట్టి 2016లో దాన్ని కొత్త ప్రజాతిగా ప్రకటించారు. అది చెట్టు తొర్రలో నిలిచిన నీళ్లలో పిల్లలను పెంచుతుంది. తొర్రలో తినడానికేమీ ఉండదు కాబట్టి తల్లి వచ్చి ఫలదీకరణ కాని గుడ్లు పెట్టి పోతుంది, పిల్లలు వాటిని తింటాయి.

నీళ్ల నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి నీళ్లే అక్కర్లేని దశకు, ఇంకో వైపు తొర్రకు. ఒక్క కుటుంబంలో ఇన్ని దారులు ఉండటమే నన్ను ఈ కప్పల దగ్గర కట్టిపడేసింది. ఏ దారి ముందు, ఏది తర్వాత అన్నది డీఎన్‌ఏ వంశవృక్షం మీద ఈ అలవాట్లను పేర్చి చూస్తేనే తెలుస్తుంది. నురగ పెట్టే ప్రజాతులు చాలావరకు ఒకే కొమ్మ చుట్టూ గుమికూడి కనిపిస్తాయి.

పెద్దలను అడిగి, ఈ కప్ప గురించి వాళ్లకు తెలిసినవన్నీ రాసి పంపు. ఏ నెలలో నురగ కనిపిస్తుంది, ఏ చెట్టుకు ఎక్కువ పెడుతుంది, వాన వెనకబడితే ఏం చేస్తుంది. అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

ప్రశ్న: మన దేశంలో అసలు హైలా కప్పలే లేవా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఉన్నాయి, ఈశాన్యంలో. హైలా అనెక్టన్స్ అనే ఆకుపచ్చ కప్ప ఖాసీ కొండల నుంచి 1870లో వర్ణించబడింది. వర్ణించింది జెర్డన్. మన కడప జిల్లా కలివికోడికి ఇంగ్లిషులో ఎవరి పేరుందో ఆ జెర్డనే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆ హైలా చైనా, ఆగ్నేయాసియా వైపు కూడా ఉంటుంది. ఉత్తరం నుంచి వచ్చిన కొమ్మ మన దేశపు అంచున ఆగినట్టుంది. దక్కనులోకి రాలేదు.

పైన చెప్పిన రావోర్కెస్టిస్ ప్రజాతి పేరులోని ‘రావు’ ఎవరో కూడా చెప్పేస్తాను. సి.ఆర్. నారాయణరావు, 1882 నుంచి 1960 వరకు జీవించారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పారు. 1932లో మొదలైన కరెంట్ సైన్స్ పత్రికకు మొదటి సంపాదకులు. దక్షిణ భారత కప్పల మీద పనిచేసిన తొలితరం భారతీయుల్లో ఒకరు. 2010లో ఆ ప్రజాతిని ఏర్పరచినప్పుడు ఆయన పేరు అందులో కలిపారు. పాఠాలు చెప్పుకునే మాలాంటి వాళ్లకు అది ఎంతో గౌరవంగా అనిపిస్తుంది.

ప్రశ్న: మా ఇంట్ల గోడల మీద ఈ కప్పలు తిరుగుతున్నయి. కండ్లల్ల మూత్రం పడితే చూపు పోతదని, ఉప్పు చల్లి చంపాలని చుట్టుపక్కల వాళ్లు అంటున్నరు. పిల్లలున్న ఇల్లు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, కొల్లాపూర్

జవాబు: చూపు పోదమ్మా. పట్టుకుంటే భయంతో నీళ్లు వదులుతుంది, అందులో విషం ఉండదు. చర్మం మీది జిగురు కంట్లో పడితే మండవచ్చు. అందుకే ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోమని పిల్లలకు చెప్పండి, అంత చాలు. గోండ్రుకప్ప విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. దాని కళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల్లో నిజంగానే విషం ఉంటుంది. కుక్క దాన్ని నోట కరిస్తే నురగలు కక్కుతుంది. పిల్లల చేతికి అది అందనివ్వకండి.

ఉప్పు మాత్రం దయచేసి చల్లకండి. కప్ప చర్మం ద్వారా కూడా ఊపిరి తీసుకుంటుంది, నీళ్లు తాగేదీ చర్మంతోనే. ఉప్పు ఆ నీటిని లాగేస్తుంది. ఫినాయిల్, బాత్రూం యాసిడ్ కూడా అంతే చెడ్డవి. అది నరకయాతన పడి చస్తుంది.

మన ఎండల్లో ఈ కప్ప ఎట్లా బతుకుతోందో తెలిస్తే మీకే చంపబుద్ధి కాదు. పాలిపిడేటిస్ తన చర్మగ్రంథుల్లోంచి కొవ్వు కలిసిన ద్రవం వదిలి, కాళ్లతో ఒళ్లంతా జాగ్రత్తగా పూసుకుంటుంది. ఆ పూతతో ఒంట్లో తడి త్వరగా ఆరిపోదు. తర్వాత కాళ్లు మడిచి, కళ్లు మూసి, గోడకు అతుక్కుని గంటల తరబడి కదలదు. మన దగ్గర చేసిన పరిశోధనల్లోనే ఈ పూత అలవాటును కొలిచి రాశారు. ఆఫ్రికా ఎండుభూముల కైరోమాంటిస్ కూడా ఇట్లా నీటిని కాపాడుకోవడంలో ఆరితేరింది. మీ ఇంటి కప్ప బాత్రూంకు వచ్చేది తడి కోసం, లైటు దగ్గరి పురుగుల కోసం. దాన్ని పంపించాలంటే ప్లాస్టిక్ మగ్గు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, బయట చెట్టు మొదట్లో వదలండి. కిటికీకి, నీళ్లు పోయే తూముకు జాలీ బిగిస్తే తిరిగి రాదు.

ప్రశ్న: ఫోటో పంపితే ఏ కప్పో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో చెప్పడం కష్టం. వేళ్లకు పళ్లేలున్నంత మాత్రాన అది రాకోఫోరిడే కాదు. దక్షిణ భారతంలో ఉపెరోడాన్ తాప్రోబానికస్ అనే నలుపు, ఇటుకరంగు మచ్చల గుండ్రటి కప్ప ఉంది. దానికీ వేళ్ల చివరలు వెడల్పుగా ఉంటాయి, చెట్ల మొదళ్ల మీదికీ ఎక్కుతుంది. అది మైక్రోహైలిడే అనే వేరే కుటుంబానిది. అందుకని నాలుగు ఫోటోలు తీయండి. పక్క నుంచి ఒకటి, అందులో కన్ను, దాని వెనక గుండ్రటి కర్ణభేరి స్పష్టంగా కనిపించాలి. చేతి వేళ్లు దగ్గరగా ఒకటి, వేళ్ల మధ్య చర్మం ఎంతవరకుందో తెలియాలి. తొడల వెనక భాగం ఒకటి. కూర్చున్న చోటు మొత్తం కనిపించేలా ఒకటి. గాజు కిటికీ మీద ఉంటే అవతల నుంచి కడుపు వైపు ఫోటో తీయండి, అది ఎంతో పనికొస్తుంది. అరుపు ఫోన్‌లో రికార్డు చేయగలిగితే ఇంకా మేలు. పక్కపక్కన ఉండే జాతులను కొన్నిసార్లు అరుపు ఒక్కటే వేరు చేస్తుంది. తేదీ, ఊరు, వాన పడిందా లేదా అన్నది రాయండి. కప్పను చేత్తో పట్టి ఫోటో తీయవద్దు.